ముప్పదిరెండు బిట్ల నడుమ ఒక గీత



భారత తపాలా శాఖ 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన పిన్‌కోడు విధానమును ప్రవేశపెట్టినది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆ శాఖలో ఉన్నతోద్యోగి మాత్రమే కాక, సంస్కృతమున కవిత్వము చెప్పిన పండితుడు కూడ. ఆనాటినుండి మన కడప జిల్లాకు వచ్చు ఉత్తరములన్నియు 516 అను మూడంకెల వెంట నడచి వచ్చుచున్నవి. ప్రొద్దుటూరు 516360, జమ్మలమడుగు 516434, పులివెందుల 516390. వీనిలో మొదటిదైన 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రముల మండలమును తెలుపును. మొదటి మూడంకెలు కలిసి కడపను తెలుపును. తక్కిన మూడును బట్వాడా చేయు పోస్టాఫీసును తెలుపును. ఢిల్లీలో ఉత్తరములను వేరుచేయు ఉద్యోగికి జమ్మలమడుగు ఏ నది యొడ్డున నున్నదో తెలియనక్కరలేదు. అతడు ముందరి అంకెలను మాత్రమే చూచి ఉత్తరమును దక్షిణమునకు పోవు సంచిలో వేయును. చివరి మూడంకెలతో పని కడప చేరిన పిమ్మటనే కలుగును. కంప్యూటర్లు పరస్పరము సందేశములు పంపుకొనుటకు ఆధారమైన ఐ.పి. అడ్రసు కూడ సరిగా ఈ సూత్రము మీదనే నిలిచియున్నది: ముందరి భాగము ప్రదేశమును, వెనుకటి భాగము ఆ ప్రదేశములోని వ్యక్తిని నిర్దేశించును. ఐతే ఒక ముఖ్యమైన భేదము కలదు. పిన్‌కోడులో జిల్లాకును పోస్టాఫీసుకును నడుమనున్న గీత మూడవ అంకె వెంబడి శాశ్వతముగా గీయబడియున్నది, ఐ.పి. అడ్రసులోనో, ఆ గీతను ఎక్కడ గీయవలెనన్నది నెట్‌వర్కును నిర్మించువాని వివేకమునకు విడువబడినది. నేటి నా ప్రసంగమంతయు ఆ గీతను గురించియే.

ఈ విషయముతో సంబంధము లేని ఇల్లు నేడు మన ప్రాంతమున అరుదు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు జాతికి అంకితము చేసిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభముల మీదుగా ఫైబరు కేబులును సాగించి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడింటిని ఒక్క తీగపై ఇంటింటికి చేర్చవలెనన్న సంకల్పముతో వెలసినది. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయములలో ధ్రువపత్రములు వ్రాయు కంప్యూటర్లు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో బిల్లు కొట్టు యంత్రములు, జమ్మలమడుగులో మందుల దుకాణము గోడకు తగిలించిన కెమెరా, పులివెందుల బస్టాండులో బస్సు కొరకు వేచియున్న యువకుని చేతిలోని ఫోను, వీనిలో ఏదియు ఐ.పి. అడ్రసు లేనిదే ఇంటర్నెట్టు ద్వారా ఒక్క అక్షరమునైనను పంపజాలదు, అందుకొనజాలదు.

ఆ అడ్రసు 32 స్థానములు గల ఒక సంఖ్య. ఒక్కొక్క స్థానమున 0 గాని 1 గాని మాత్రమే యుండును. ఆ స్థానమునకే బిట్టు అని పేరు. ఇంటర్నెట్టు రూపకర్తలలో ఒకడైన వింట్ సెర్ఫ్ 1977లో, ఒక ప్రయోగమునకు ఇంతమాత్రము చాలునను భావముతో, ఈ 32ను నిర్ణయించెను. జాన్ పోస్టెల్ సంపాదకత్వమున 1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 791 అను ఇంటర్నెట్టు నియమావళి పత్రము దానిని స్థిరపరచెను. 1983 జనవరి 1న ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన అమెరికాలోని ఆర్పానెట్టు ఈ పద్ధతికి మారెను. ప్రయోగము ముగియలేదు, ప్రపంచమే దానిలోనికి ప్రవేశించినది. 32 బిట్లతో ఏర్పడు సంఖ్యలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. 1981 నాటికే భూమిమీది జనసంఖ్య దీనిని మించియుండెను.

ముప్పదిరెండు సున్నలను, ఒకట్లను వరుసగా చదువుట మనుష్యునకు దుష్కరము గనుక, వానిని ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమును మనకు పరిచితమైన దశాంశ సంఖ్యగా మార్చి, నడుమ చుక్కలు పెట్టి వ్రాయుదురు. 192.168.10.150 అట్టి అడ్రసు. శ్రోతలలో విద్యార్థులున్నచో కాగితమును, కలమును చేతనుంచుకొనవలెనని మనవి. ఎనిమిది బిట్ల స్థానవిలువలు ఎడమనుండి కుడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1. అన్నియు ఒకట్లైనచో మొత్తము 255. కావుననే ఏ భాగమును 255ను మించదు. 150ను తీసికొందము. 128 పోగా 22 మిగులును. దానిలో 64 లేదు, 32 లేదు, 16 కలదు. మిగిలిన 6లో 8 లేదు, 4 కలదు, 2 కలదు, 1 లేదు. కావున 150 అనగా 10010110. ఈ చిన్న లెక్క చేతికి వచ్చినవానికి సబ్‌నెట్టింగులో, అనగా ఆ గీతను గీయు విద్యలో, ఇక రహస్యమేమియు మిగులదు. రానివానికి అది ఎన్నటికిని అరణ్యమే.

తొలినాళ్ళలో గీతకు మూడే స్థానము లుండెడివి. ఎనిమిదవ బిట్టు వెంబడి గీసిన ఎ తరగతి అడ్రసులు ఒక్కొక్క సంస్థకు 1,67,77,216. పదునారవ బిట్టు వెంబడి గీసిన బి తరగతి 65,536. ఇరువదినాలుగవ బిట్టు వెంబడి గీసిన సి తరగతి 256. వీనిలో కంప్యూటరు భాగమంతయు సున్నలైన అడ్రసు నెట్‌వర్కుకే పేరగును. అంతయు ఒకట్లైనది ఆ నెట్‌వర్కులోని వారందరిని ఏకకాలమున పిలుచు అడ్రసగును. కావున ప్రతి విభాగమునను రెండు తగ్గించి లెక్కింపవలెను. ఇపుడు మూడువందల కంప్యూటర్లు గల ఒక కళాశాలను ఊహింపుడు. సి తరగతిలోని 254 చాలవు. బి తరగతి నడిగినచో 65,534 లభించును, అందు అరువదియైదు వేలకు పైగా ఎవ్వరికిని ఉపయోగపడక పడియుండును. ఒక వంక మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము 18తో మొదలగు అడ్రసులన్నిటిని, అనగా కోటి అరువదియేడు లక్షలకు పైబడిన సంఖ్యలను, దశాబ్దములపాటు తన యధీనమున నుంచుకొని, 2017లో వానిలో పెద్ద భాగమును అమెజాను సంస్థకు విక్రయించెను. మరియొక వంక స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము తనకున్న అట్టి సంపదను, 36తో మొదలగు శ్రేణిని, 2000వ సంవత్సరమున సర్వజనుల ఉపయోగార్థము తిరిగి ఇచ్చివేసెను. ఈ రెండవ కార్యమును నేను మిక్కిలి గౌరవింతును. ఏలయనగా అడ్రసు ఎవడును తయారుచేసిన వస్తువు కాదు, అందరికిని ఉమ్మడియైన ఒక పరిమిత సంఖ్యలోని వంతు.

ఆ స్టాన్‌ఫర్డులోనే జెఫ్రీ మోగుల్ 1984 అక్టోబరులో ఒక పత్రము ప్రకటించి, ఒక సంస్థకు లభించిన అడ్రసుల మొత్తమును ఆ సంస్థ లోపలనే చిన్న నెట్‌వర్కులుగా విభజించుకొను మార్గమును ప్రతిపాదించెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో పోస్టెలుతో కలిసి ఆయన వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 950 దానిని ప్రమాణముగా నెలకొల్పినది. కంప్యూటరుకు కేటాయించిన బిట్లలో ఎడమవైపు కొన్నిటిని గైకొని నెట్‌వర్కు భాగమునకు చేర్చుటయే ఇందలి యుక్తి. అడ్రసును ఎంతసేపు చూచినను గీత ఎక్కడ నున్నదో తెలియదు గనుక, ప్రతి యంత్రమునకు అడ్రసుతోబాటు మాస్కు అను మరియొక 32 బిట్ల సంఖ్యను ఇత్తురు. గీతకు ఎడమవైపున్న బిట్లన్నియు అందులో ఒకట్లు, కుడివైపున్నవన్నియు సున్నలు. 255.255.255.192 అను మాస్కులో ఒకట్లు 26. కావున దానినే క్లుప్తముగా /26 అని వ్రాసి, స్లాష్ ఇరువదియారు అని చదువుదురు.

మన మూడు పట్టణములలో శాఖలు గల ఒక వర్తక సంస్థను కల్పించుకొందము. ప్రొద్దుటూరులో నూరు కంప్యూటర్లు, జమ్మలమడుగులో ఏబది, పులివెందులలో ఇరువదియైదు. మూడింటికిని కలిపి లభించినది 192.168.10.0/24 అను ఒక్క శ్రేణి, అనగా 0 మొదలు 255 వరకు గల 256 సంఖ్యలు. వీనిని మూడు సమభాగములు చేయ వీలులేదు. బిట్టు ఒక్కటి చేర్చినపుడెల్ల భాగములు రెట్టింపగును గాని మూడు కానేరవు: రెండు, నాలుగు, ఎనిమిది, ఇదియే క్రమము. నాలుగు సమభాగములు చేసినచో ఒక్కొక్కదానిలో 62 యంత్రములకే చోటుండును. ప్రొద్దుటూరు నూరు అందులో ఇమడవు. కావున భాగములు సమానముగా నుండనక్కరలేదని గ్రహించి, పెద్ద అవసరమును ముందుగా తీర్చి, మిగిలినదానిని మరల సగము చేయుచు పోవలెను. మొదటి సగమును, 0 నుండి 127 వరకు, /25గా ప్రొద్దుటూరునకు ఇత్తము. అందు 126 యంత్రములకు చోటు కలదు. మిగిలిన సగములో సగమును, 128 నుండి 191 వరకు, /26గా జమ్మలమడుగునకు ఇత్తము, అందు 62. మరల మిగిలినదానిలో సగమును, 192 నుండి 223 వరకు, /27గా పులివెందులకు ఇత్తము, అందు 30. ఇక ప్రొద్దుటూరునుండి తక్కిన రెండు పట్టణములకు పోవు లైన్లకు చెరియొక /30 చాలును. నాలుగు సంఖ్యలలో రెండు లెక్కలోనికి రాకపోగా, లైను ఈ కొసనున్న రౌటరునకు, అనగా ఒక నెట్‌వర్కునుండి మరియొకదానికి సందేశములను చేర్చు యంత్రమునకు, ఒకటి, ఆ కొసనున్న రౌటరునకు ఒకటి మిగులును. అవి 224 వద్ద ఒకటియు, 228 వద్ద ఒకటియు మొదలగును.

232 నుండి 255 వరకు ఇంకను 24 సంఖ్యలున్నవి. మరుసటి సంవత్సరము ముద్దనూరులో పండ్రెండు యంత్రములతో ఒక శాఖ తెరువవలసివచ్చినచో, పదునారు సంఖ్యల /28 ఒకటి కావలెను. క్రొత్తగా నేర్చినవాడు దానిని 232 వద్దనే మొదలుపెట్టును, అది చెల్లదు. పదునారు సంఖ్యల విభాగము పదునారుచేత నిశ్శేషముగా భాగింపబడు సంఖ్య వద్దనే మొదలుకావలెను; 232 అట్టిది కాదు, 240 అట్టిది. ఎందువలన ననగా, గీతకు కుడివైపున్న నాలుగు బిట్లును సున్నలైనపుడే ఆ విభాగమునకు ఆరంభ మేర్పడును. కావున ముద్దనూరు 240 వద్ద నిలుచును. 232 నుండి 239 వరకు గల ఎనిమిదియు చిన్నదైన మరియొక అవసరము కొరకు నిలువయుండును.

గీత గీయుట మన పని. దానిని చదువుట యంత్రముల పని. జమ్మలమడుగులోని 192.168.10.150 అను కంప్యూటరు పులివెందులలోని 192.168.10.200 అను దానికి ఒక లెక్కల కాగితమును పంపదలచినది. అది మొదట తన అడ్రసును తన మాస్కు ప్రక్కన పెట్టి చూచును. రెండింటను 1 ఉన్న స్థానమున 1, తక్కిన స్థానములన్నిట 0. చివరి భాగము మాత్రము చూచినచో, 150 అనగా 10010110, మాస్కులోని 192 అనగా 11000000. ఫలితము 10000000, అనగా 128. తరువాత 200ను, అనగా 11001000ను, అదే మాస్కు ప్రక్కన పెట్టగా 11000000, అనగా 192 వచ్చును. 128 వేరు, 192 వేరు. కావున పులివెందుల యంత్రము తన నెట్‌వర్కులోనిది కాదని తెలిసికొని, కాగితమును గేట్‌వే అనబడు తన రౌటరు చేతిలో పెట్టును. రెండు ఫలితములును ఒక్కటే అయియుండినచో, ఈ అడ్రసు ఎవరిదని తన తీగమీద నున్నవారినందరిని ఒక్కసారి పిలిచి యడిగి, బదులు పలికినదానికి నేరుగా అందించియుండును. 1982లో ఏర్పడిన ఆ పిలుపు పద్ధతికి ఆర్ప్ అని పేరు.

ఇపుడొక చిన్న పొరపాటును ఊహింపుడు. జమ్మలమడుగు యంత్రమునకు మాస్కు 255.255.255.192 అని వ్రాయుటకు బదులు, అలవాటు చొప్పున ఎవరో 255.255.255.0 అని వ్రాసిరి. ఇక దాని దృష్టిలో 200 కూడ తన యింటిలోనిదే. అది తన తీగమీదనే పులివెందుల యంత్రమును పిలుచును, పిలుపు జమ్మలమడుగు దాటిపోదు, బదులు రాదు. ఐనను అదే యంత్రము ప్రక్క బల్లమీది 160తో నిశ్చింతగా మాటలాడును, బెంగుళూరుతో మాటలాడును, అమెరికాతో మాటలాడును. పులివెందులతోను, ప్రొద్దుటూరుతోను మాత్రము మాటలాడజాలదు. చూచువారు కేబులు తెగినదనుకొని స్తంభములెక్కుదురు, రౌటరును మార్చుదురు, ఒక దినమంతయు శ్రమపడుదురు; తప్పు రెండు బిట్లలో నున్నది. దూరముననున్నవారు పలుకుచు పొరుగువారు మాత్రము పలుకనపుడు, స్తంభము నెక్కుటకు ముందు మాస్కును చూడవలెనని, నెట్‌వర్కు పని చేయు యువకులకు నేను నొక్కి చెప్పుదును.

ఇట్లు విభజించుటలో మరియొక గొప్ప లాభము కలదు. ఆ సంస్థకు విజయవాడలో కేంద్ర కార్యాలయ మున్నదనుకొనుడు. అచ్చటి రౌటరు మన మూడు పట్టణముల వివరములను వేరువేరుగా జ్ఞాపకముంచుకొననక్కరలేదు, 192.168.10.0/24 ప్రొద్దుటూరు వైపునకు అని ఒక్క పంక్తి వ్రాసికొన్న చాలును. లోపలి వివరములు ప్రొద్దుటూరు రౌటరు చూచుకొనును. ఒకవేళ పులివెందులకు విజయవాడనుండి నేరుగా ఒక లైను వేసినచో, 192.168.10.192/27 ఈ వైపునకు అని రెండవ పంక్తి చేరును. అపుడు 200కు పోవు సందేశము రెండు పంక్తులకును సరిపోయినను, ఎక్కువ బిట్లు కలిసిన /27కే రౌటరు కట్టుబడును. 1993లో పాత తరగతుల పద్ధతిని త్రోసివేసి, గీతను ఏ బిట్టు వద్దనైన గీయవచ్చునని లోకమంతటికిని అంగీకరింపజేసినపుడు, ఈ సూత్రమే ఇంటర్నెట్టును కాపాడినది. లేకున్నచో ప్రతి చిన్న నెట్‌వర్కుకు ఒక్కొక్క పంక్తి చొప్పున మోయలేక పెద్ద రౌటర్లు ఆనాడే కూలియుండెడివి.

2006లో పులివెందులలో వెలసిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, 2008లో ఇడుపులపాయలో నెలకొన్న ట్రిపుల్ ఐటి, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, ఇవన్నియు ఉన్న ప్రాంతము మనది. ఈ విద్యను నేర్చు పిల్లలు, /25కు 126, /26కు 62 అను పట్టికను పరీక్ష కొరకు కంఠస్థము చేయుటకంటె, తమ యూరి మూడు కార్యాలయములను తీసికొని, బిట్లు వ్రాసి, గీత గీసి, మరల చెరిపి గీయుట మేలని నా దృఢాభిప్రాయము. పట్టిక మరపునకు వచ్చును. సగము చేయు పద్ధతి చేతికి వచ్చినపిదప మరపునకు రాదు.

ఎంత పొదుపు చేసినను 429 కోట్లు చాలలేదు. 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1918 మూడు శ్రేణులను, 10తో మొదలగువానిని, 172.16 నుండి 172.31 వరకు గలవానిని, 192.168తో మొదలగువానిని, ఎవరైనను తమ యింటిలో వాడుకొనుటకు విడిచిపెట్టెను. అందువలననే ప్రొద్దుటూరులో ఒక యింటి ఫోనుకును, పులివెందులలో మరియొక యింటి ఫోనుకును 192.168.1.5 అను ఒక్కటే అడ్రసు ఉండవచ్చును. ఇల్లు దాటునపుడు గోడకున్న పెట్టె దానిని తన బహిరంగపు అడ్రసుగా మార్చి పంపును. అదియు చాలక, 2012 ఏప్రిలులో 100.64 నుండి 100.127 వరకు గల శ్రేణిని ఇంటర్నెట్టు సంస్థల లోపలి వాడుకకై ప్రత్యేకించిరి. దానితో అనేక గృహములు ఒక్క బహిరంగపు అడ్రసు చాటున నిలిచినవి. చూచుటకు, చదువుటకు దీనివలన ఇబ్బంది లేదు. కాని అంగడిలోని కెమెరాను ఊరినుండి నేరుగా చూడగోరిన వర్తకునికి, తన యింటి కంప్యూటరునుండి ఒక చిన్న సేవను లోకమునకు అందింపదలచిన విద్యార్థికి, బయటినుండి లోపలికి వచ్చు త్రోవ మూసికొనిపోయినది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండాగారములోని చివరి ఐదు పెద్ద శ్రేణులును పంచిపెట్టబడెను. ఆ ఏప్రిల్ 15 నాటికే మన ఆసియా, పసిఫిక్ ప్రాంతపు సంస్థయైన ఏప్నిక్ తన కడపటి శ్రేణికి వచ్చెను. మన దేశమున అడ్రసులు పంచు ఇర్రిన్ 2012లో, ఈ లేమి మొదలైన పిమ్మట పుట్టిన సంస్థ. ముందు వచ్చినవారు కోట్లకొలది నిలువచేసికొనగా, వెనుక వచ్చినవారు ఒక్కొక్క అడ్రసును వందలమంది పంచుకొనవలసి వచ్చుట నా మనస్సునకు కష్టము కలిగించు విషయము.

ఈ కరవునకు విరుగుడుగా 1995 డిసెంబరులో ప్రకటింపబడిన ఐ.పి. ఆరవ రూపములో బిట్లు 128. ఆ సంఖ్య మన ఊహకందదు. 2012 జూన్ 6న లోకములోని పెద్ద సంస్థలు దానిని శాశ్వతముగా అమలులో పెట్టినవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట మన దేశము దాని వాడుకలో అగ్రశ్రేణికి చేరినది. మన యూళ్ళలో ఎందరి ఫోనులలోనో అది వారికి తెలియకయే నడచుచున్నది. అడ్రసుల కరవు దీనితో తీరినను, గీత గీయు పని తీరలేదు. సాధారణముగా ఒక సంస్థకు /48 లభించును. ఒక్కొక్క తీగకు /64 కేటాయింతురు. నడుమనున్న 16 బిట్లు నిర్మాత సొత్తు. అనగా 65,536 సబ్‌నెట్టులు. ఆరవ రూపమున నాలుగేసి బిట్లను ఒక్క అక్షరముగా వ్రాయుదురు గనుక, ఆ నడుమనున్నవి నాలుగు అక్షరములగును. మన వర్తక సంస్థ మొదటి అక్షరమును పట్టణమునకు కేటాయించి, ప్రొద్దుటూరునకు 1, జమ్మలమడుగునకు 2, పులివెందులకు 3 అని నిర్ణయించి, రెండవదానిని భవనమునకు, తక్కిన రెండింటిని ఆ భవనములోని తీగలకు విడిచినచో, అడ్రసును చూచినంతనే ఏ యూరిదో, ఏ భవనములోనిదో నిర్వాహకునకు తెలియును. బిట్లు విప్పి లెక్కింపనక్కరలేదు. విజయవాడ రౌటరులో పులివెందుల కొరకు ఒక్క /52 పంక్తి వ్రాసియుంచిన చాలును. ఆ యొక్క పంక్తి వెనుక 4,096 నెట్‌వర్కులకు చోటుండును.